పార్కు తాళం ఎవరి దగ్గర ఉంది?

పోయిన ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం, ఒంటిగంటన్నర అయి ఉంటుంది, బ్యాంకు పని చూసుకుని ఇంటికొస్తున్నాను. మా కాలనీ పార్కు గోడ పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని క్యారేజీ విప్పుకుంటున్నారు. పొద్దున్నే మా వీధులు ఊడ్చేది వాళ్ళే. గోడ లోపల పెద్ద కానుగ చెట్టుంది, దాని కొమ్మ ఒకటి గోడ దాటి రోడ్డు మీదికి వచ్చింది, ఆ కొమ్మ నీడ రెండడుగుల వెడల్పున నేల మీద పడుతోంది. ఆ రెండడుగుల్లోనే ఇద్దరూ కాళ్ళు ముడుచుకుని సర్దుకున్నారు. నేను అక్కడే కూరల బండి దగ్గర ఆగి, బెండకాయలు ఏరుకుని, తూయించుకుని మళ్ళీ అటు చూసేసరికి నీడ కాస్త జరిగింది, వాళ్ళు కూడా గిన్నెలు చేత్తో పట్టుకుని దాంతోపాటే జరిగారు. గోడకి అవతల, పది అడుగుల దూరంలో, అదే చెట్టు కింద నాలుగు సిమెంటు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. గేటుకి తాళం వేసి ఉంది.

"లోపలికెళ్ళి కూర్చోవచ్చు కదమ్మా" అన్నాను.

"తాళమేసుంటది కదండీ, నాలుగింటిదాకా తియ్యరు" అంది పెద్దావిడ.

ఆ మాటలో కోపం లేదు, ఫిర్యాదు కూడా లేదు. ఎండాకాలం ఎండ కాస్తుంది, వానాకాలం వాన పడుతుంది, పార్కుకి తాళం ఉంటుంది, అన్నట్టు చెప్పింది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. బెజవాడ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కొండలు కాగి ఆ వేడి రాత్రి పదింటిదాకా గోడల్లోంచి వస్తూనే ఉంటుంది. అలాంటి ఊళ్ళో మధ్యాహ్నం పూట చెట్టు నీడకి తాళం వేస్తున్నాం. ఎవరు వేయమన్నారు? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు తెలుసుకోవాలనుకున్నాను. అంతే, అప్పటికి వేరే ఉద్దేశం ఏమీ లేదు.

మర్నాడు సాయంత్రం వాచ్‌మన్‌ని అడిగాను. "బాబాయ్, మధ్యాహ్నం గేటు ఎందుకు తీయరు?" అంటే, "నాకేం తెలుసమ్మా, సెక్రటరీ గారు వేయమన్నారు, వేస్తున్నా" అన్నాడు. అసోసియేషన్ సెక్రటరీ గారు పెద్దమనిషి, కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి మరీ చెప్పారు, టైమింగ్స్ మేం పెట్టలేదమ్మా, మున్సిపల్ ఆఫీసు నుంచే వచ్చాయి అని. ఆ ఆఫీసుకి వెళితే, పార్కులో నడవడానికి వచ్చే వాకర్స్ వాళ్ళు అడిగారు కాబట్టి పెట్టాం, ఎప్పుడో పెట్టిన టైములు, కాగితం ఎక్కడుందో వెతకాలి అన్నారు. వాకర్స్‌లో మా మావయ్యగారే పాత సభ్యులు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన్ని అడిగితే, "మేం అడిగింది తాగుబోతుల్ని రానివ్వద్దని అమ్మాయ్, తాళం వేయమని కాదు. అప్పట్లో పోలీసులకి చెబితే, మధ్యాహ్నం మూసేస్తే గొడవే ఉండదు కదా అన్నారు" అని చెప్పారు.

చూడండి, వాచ్‌మన్, సెక్రటరీ, ఆఫీసు, వాకర్స్, పోలీసులు, ఐదుగురు ఉన్నారు ఇందులో. ఐదుగురిలో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు, నేను మాట్లాడినవాళ్ళలో ఒక్కరు కూడా నన్ను విసుక్కోలేదు. కానీ ఆ తాళం ఎవరు వేశారో ఐదుగురికీ తెలియదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మా నాయనమ్మ అంటుండేది. మన ఊళ్ళో పార్కుల పరిస్థితి సరిగ్గా అదే, నా బాధంతా అక్కడే.

ఆ తర్వాత నేను చట్టాలు చదవడం మొదలుపెట్టాను. లాయర్ని కాదు, ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. కానీ చదివితే అర్థమయ్యేవే అవి. 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకి అప్పగించదగ్గ పనులు 18 రాసింది. పన్నెండో అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాలు. రోడ్లు, మంచినీళ్ళు, శ్మశానాలతో పాటు పార్కు కూడా ఊరి కనీస అవసరమని రాజ్యాంగంలోనే రాసుకున్నాం. మన దగ్గర మాత్రం అది డబ్బులు మిగిలితే చేసే అలంకారం.

అదే సవరణలో 243ఎస్ అని ఒక అధికరణం ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ప్రతి మున్సిపాలిటీలో వార్డు కమిటీలు వేయాలి అంటుంది. విజయవాడ 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటింది, గుంటూరు ఆరు లక్షలు దాటింది. మీ వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుంటుంది, ఎక్కడ కూర్చుంటుంది అని మీ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. నేను మా అపార్ట్‌మెంటులో పన్నెండు ఫ్లాట్లూ తిరిగి అడిగాను. అలాంటిది ఒకటి ఉండాలని కూడా ఒక్కరూ వినలేదు. గుంటూరులో అయితే 2010లో పాలకవర్గం గడువు ముగిశాక మళ్ళీ కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2021లో. పదకొండేళ్ళు కార్పొరేటరే లేని ఊళ్ళో పార్కులో ఉయ్యాల గొలుసు తెగితే ఎవరికి చెప్పుకోవాలి?

మా సెక్రటరీ గారు ఒక మాటన్నారు, దానికి జవాబు చెప్పాలి. "ఈ స్థలం మన ప్లాట్ల ధరలోనే ఉందమ్మా, మనం కొనుక్కున్నదే ఇది, బయటివాళ్ళకి తెరవాల్సిన పనేముంది?" అన్నారు. లేఅవుట్ వేసినప్పుడు పది శాతం స్థలం ఖాళీగా వదలాలన్న మాట నిజమే, ఆ ఖర్చు ప్లాటు ధరలో కలిసే ఉంటుంది, అదీ నిజమే. కానీ ఆ పది శాతాన్ని స్థానిక సంస్థ పేర రాసి అప్పగించాకే లేఅవుట్‌కి అనుమతి వస్తుంది. రాసిచ్చిన రోజునే అది ఊరిదైపోయింది. ఊడ్చే మనిషికీ అందులో నాకున్నంత హక్కే ఉంది. ఇది దయతో ఇచ్చేది కాదు. ఈ మాట ఆయనతో అనడానికి నాకు కొంచెం మొహమాటంగానే అనిపించింది, రోజూ కనిపించే మనిషి. కానీ అనాలి, అన్నాను.

బెంగళూరులో ఒకప్పుడు ఒక లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది, అడిగే హక్కు ఆ వీధిలో ఉండేవాళ్ళకి ఉందని కూడా చెప్పింది. అంటే పార్కు గురించి అడగొచ్చని ఢిల్లీలో తేలి ముప్పై ఏళ్ళు దాటింది. మన వీధిలో ఎవరిని అడగాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మా పెద్దమ్మ కొడుకు మినియాపొలిస్‌లో ఉంటాడు. ఈ తాళం గోల ఫోన్లో చెబుతుంటే, "ఇక్కడ పార్కులకి విడిగా బోర్డు ఉంటుందే, దానికి విడిగా ఎన్నికలు కూడా" అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత చూస్తే నిజమే. 1883 నుంచీ ఉంది ఆ బోర్డు. తొమ్మిది మంది సభ్యులు, ఆరుగురు ప్రాంతాల వారీగా, ముగ్గురు ఊరు మొత్తం మీద, నాలుగేళ్ళకోసారి ఓటేసి ఎన్నుకుంటారు. ఇంటి పన్నులో కొంత వాటా నేరుగా పార్కులకే వస్తుంది. సమావేశాల్లో మామూలు మనుషులు లేచి మాట్లాడటానికి సమయం ఉంటుంది, మాట్లాడింది రికార్డవుతుంది.

అక్కడంతా బంగారంలా ఉందని నేను అనడం లేదు. 2020 వేసవిలో ఇళ్ళు లేనివాళ్ళు ఆ ఊళ్ళో పౌడర్‌హార్న్ అనే పార్కులో వందల గుడారాలు వేసుకున్నారు. బోర్డు ముందు ఉండనిచ్చింది, తర్వాత పరిమితులు పెట్టింది, ఊరంతా రెండుగా చీలింది. కెనడాలో వాంకూవర్‌కి కూడా ఇలాగే ఎన్నికైన పార్కు బోర్డు ఉంది, దాన్ని తీసేసి సిటీ కౌన్సిల్‌లో కలిపేద్దామని 2023 చివర్లో ఆ ఊరి మేయరే ప్రతిపాదించారు. పనులు ఆలస్యమవుతున్నాయి, ఎవరి బాధ్యత ఎంతవరకో గజిబిజిగా ఉంది అన్నది ఆ పక్షం వాదన. అందులోనూ కొంత న్యాయం ఉండొచ్చు. కానీ నాకు ముఖ్యమైంది ఇది: అక్కడ గుడారాల గురించి తగువు పడినవాళ్ళకి, తగువు పడటానికి ఒక గది ఉంది, ఒక రోజుంది, ఎదురుగా పేరున్న తొమ్మిది మంది మనుషులున్నారు. మన దగ్గర తగువు గాలితో పడాలి.

కొంతమంది అంటారు, సోమవారం అధికారులు అర్జీలు తీసుకుంటున్నారు కదా, అక్కడ ఇవ్వొచ్చు కదా అని. ఇవ్వొచ్చు. పెన్షన్ ఆగిపోయినా, ఇంటి ముందు మురుగు పొంగినా అక్కడికే వెళ్ళాలి, పనులు అవుతాయి కూడా. కానీ అర్జీ ఒక మనిషి ఒక సమస్య గురించి ఇచ్చేది. పార్కు విషయం అలా ఉండదు. నేను మధ్యాహ్నం తెరవమని అర్జీ ఇస్తాను, మా మావయ్యగారు తెరవొద్దని ఇస్తారు. షటిల్ ఆడే కుర్రాళ్ళు రాత్రి పదిదాకా లైట్లు కావాలంటారు, పక్కింటి బాలింత లైటు కళ్ళలో పడుతోంది, పిల్ల నిద్రపోవడం లేదంటుంది. అందరి మాటా న్యాయమే. వీళ్ళని ఒకచోట కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరికి వినిపించి, తేల్చి, తేల్చింది రాసిపెట్టే మనుషులు కావాలి. అర్జీలు తీసుకునే బల్ల దగ్గర ఆ పని జరగదు.

పార్కుకి డబ్బులు వచ్చే పద్ధతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఏదో పథకం కింద నిధులొస్తాయి, ఆ నిధులతో ఏం కొనాలో పైనే నిర్ణయమైపోతుంది. మా పార్కులో ఓపెన్ జిమ్ పెట్టారు. నీలం, పసుపు రంగుల ఇనుప సామాన్లు, సరిగ్గా చెట్టు లేని మూల బిగించారు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నరకే ఆ కడ్డీ పట్టుకోలేం, సాయంత్రం ఆరైనా చుర్రుమంటుంది. పది గజాలు ఇటు జరిపి ఉంటే కానుగ నీడలో ఉండేవి. బిగించే ముందు రోజూ నడవడానికి వచ్చే ఒక్క ముసలాయన్ని అడిగినా చెప్పేవాడు.

కుళాయి సంగతి కూడా చెబుతాను. గేటు పక్కనే ఉంది, పైపు మూరెడు ఎత్తున నేలలోంచి లేచి ఉంటుంది. తిప్పే పిడి లేదు. ఎవరో రెండు మూడుసార్లు తిప్పి వదిలేసి వెళ్ళారని పీకేశారు. ఇప్పుడు పైన పుల్లంత ఇనుప ముక్క మాత్రం ఉంది, దాన్ని కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని తిప్పితే నీళ్ళొస్తాయి, ఆ ప్లయర్ వాచ్‌మన్ గదిలో మేకుకి ఉంటుంది. పిల్లలు ఆడి ఆడి వచ్చి ఆ ముక్కని పళ్ళతో తిప్పబోతే ఒకసారి చూసి కేకలేశాను. పక్కనే రంగురంగుల ఫౌంటెన్ ఉంది, అది పనిచేయగా నేను చూసింది ప్రారంభించిన వారమే. తర్వాత అందులో నిలిచిన వాన నీళ్ళలో దోమలు పెరిగాయి. ఆ ఫౌంటెన్ ఖర్చుతో ఎన్ని కుళాయి పిడులు వస్తాయో లెక్కేయక్కర్లేదు. ఆడవాళ్ళకి టాయిలెట్ లేదు. ఈ మాట ఎవరూ పైకి అనరు, అందుకే గంటన్నర నడుద్దామని వచ్చిన మా వయసు వాళ్ళు అరగంటకే ఇంటిదారి పడతారు.

ఒక్క ఆఫీసుని తిట్టి లాభం లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బెజవాడలో మూడు కాలువలున్నాయి, బందరు, ఏలూరు, రైవస్. కాలువ జలవనరుల శాఖది, గట్టు మీద వేసిన వాకింగ్ ట్రాకూ మొక్కలూ కార్పొరేషన్‌వి, చెట్టు కొమ్మ వైర్లకి తగిలితే కొట్టేది కరెంటు వాళ్ళు, సాయంత్రం అక్కడ సీసాలు పగలగొడితే పోలీసులు. గట్టు మీద నడిచే మనిషికి మాత్రం అదంతా ఒకటే పార్కు. వేసవికి ముందు కరెంటు వాళ్ళు కొమ్మలు కొట్టేస్తారు, వాళ్ళ పని వాళ్ళు చేశారు, కానీ ఆ నీడ ఎవరికి కావాలో వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. వీళ్ళందరూ ఒక బల్ల చుట్టూ కూర్చునే రోజంటూ ఒకటి ఉంటే ఇందులో సగం సమస్యలు ఆ పూటే తేలిపోతాయి.

మా ఊరి స్వరాజ్ మైదానం గురించి కూడా ఒక మాట చెప్పాలి, తప్పుగా అర్థం చేసుకోవద్దు. పీడబ్ల్యూడీ గ్రౌండ్ అని పిలుచుకునేవాళ్ళం. అక్కడ పుస్తకాల పండగకి నాన్న వేలు పట్టుకుని వెళ్ళాను, జనవరి సాయంత్రం చలిలో దుమ్ములో తిరిగి రెండు పుస్తకాలు కొనుక్కుని వచ్చేదాన్ని. అదే మైదానంలో సభలు, ఎగ్జిబిషన్లు, పొద్దున్నే క్రికెట్టు. 2024 జనవరి 19న అక్కడ అంబేద్కర్ స్మృతివనం ప్రారంభమైంది, 125 అడుగుల విగ్రహం. ఆ విగ్రహం ఊరి నడిబొడ్డున నిలబడటం నాకు సంతోషం, మా ట్యూషన్ పిల్లల్ని తీసుకెళ్ళి చూపించాను. నా ప్రశ్న వేరు. ఊరి నడుమ ఉన్న అంత పెద్ద ఖాళీ జాగా వాడకం మారేటప్పుడు, అక్కడ ఆడుకునే పిల్లలూ పుస్తకాలు అమ్మేవాళ్ళూ పొద్దున నడిచేవాళ్ళూ వచ్చి, మాకు ఇది కూడా కావాలి, ఆ మూల మాకు వదలండి, అని చెప్పుకోవడానికి ఊళ్ళో ఒక చోటు ఉండాలి కదా. ఏ పార్టీ ప్రభుత్వంలో ఉన్నా ఉండాలి. రేపు ఇంకో మైదానం వంతు వస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాక కూడా మన పార్కుల్లో మట్టి కనపడకుండా టైల్స్ పరుస్తూనే ఉన్నారు. ఒక పార్కు మట్టి అంత వరదని ఆపదు, నాకూ తెలుసు. కానీ వీధిలో పడ్డ వాన వీధిలోనే ఇంకడానికి మిగిలిన చోటు అదొక్కటే. దాన్నీ కప్పేసేముందు ఎవరో ఒకరు ఆగి ఆలోచించాలి.

మళ్ళీ తాళం దగ్గరికి వస్తాను. జూన్ రెండో ఆదివారం సాయంత్రం పార్కులోనే కూర్చుందాం రండని గేటుకి కాగితం అంటించాను. ఇరవై మందికి పైగా వచ్చారు. ఊడ్చే ఇద్దరినీ నేనే వెళ్ళి పిలిచాను, రారేమో అనుకున్నాను, వచ్చారు, బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు, చెట్టు మొదట్లో చతికిలబడ్డారు. నేను నోటుబుక్కు పెట్టుకుని ఎవరేమన్నా రాశాను. గట్టిగానే వాదించుకున్నారు. మా మావయ్యగారు లేచి, మధ్యాహ్నం తెరిస్తే పార్కు పాడైపోతుంది, గుట్కా ఉమ్ములు కడిగేదెవరు అన్నారు. అప్పుడు ఊడ్చేవాళ్ళలో చిన్నావిడ, "మేమే కదండీ కడిగేది" అంది. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత దారి చెప్పింది మా మావయ్యగారే. గేటుకి ఎదురుగా ఇస్త్రీ బండి ఉంటుంది, అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడి నుంచి కదలడు, తాళం చెవి అతని దగ్గర పెడదాం, మధ్యాహ్నం ఎవరికి కావాలంటే వాళ్ళు అడిగి తీసుకుంటారు, లోపల ఎవరున్నారో అతనికి కనపడుతూనే ఉంటుంది అన్నారు. ఇస్త్రీ అతను సరేనన్నాడు. బదులుగా పార్కు కుళాయిలో నీళ్ళు పట్టుకుంటానన్నాడు, దాంతో కుళాయికి పిడి కూడా వచ్చింది. సెక్రటరీ గారు మనసులో ఇష్టం లేకపోయినా, అందరి ముందూ అనుకున్నది కాబట్టి తాళం చెవి తెచ్చి ఇచ్చారు.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు పార్కు తెరిచే ఉంటోంది. ఎప్పుడో ఒకటి రెండు సీసాలు దొరికాయి, అబద్ధం చెప్పను. ప్రతి నెలా రెండో ఆదివారం కూర్చుంటున్నాం, ఒక్కోసారి ఎనిమిది మందే వస్తారు. షటిల్ లైట్లు తొమ్మిదింటికి ఆపాలని తేలింది, జిమ్ సామాన్లు జరపడం మాత్రం మా చేతిలో లేదు.

ఇక్కడే నా అసలు అభ్యర్థన. మేం చేసుకున్న ఈ ఏర్పాటుకి ఏ బలమూ లేదు. రేపు కొత్త అధికారి వచ్చి పాత టైములు పెట్టమంటే పెట్టాల్సిందే, ఇస్త్రీ అతను బండి ఇంకో వీధికి మార్చుకుంటే అయిపోయింది. ఇంకో కమిటీ వేస్తే ఇంకో రాజకీయం అంటారని తెలుసు. తాళం వేయడం వెనక కూడా రాజకీయం ఉంది, కాకపోతే అది ఎవరి కంటా పడకుండా జరిగింది. రాజ్యాంగం వేయమన్న వార్డు కమిటీలు వేయండి. వాటిలో పార్కుకి ఒక ఉపసంఘం, సగం మంది ఆడవాళ్ళు, అక్కడ పనిచేసేవాళ్ళలోంచి ఒకరు, నెలకోసారి పార్కులోనే సమావేశం, అనుకున్నదీ ఖర్చయిందీ గేటు మీద రాయడం. వాళ్ళకి టైములు, చిన్న రిపేర్లు వదిలేయండి. ఊరు మొత్తానికి మూడు నెలలకోసారి కూర్చునే పార్కుల బోర్డు ఒకటి, కార్పొరేషన్, జలవనరులు, కరెంటు, పోలీసు నలుగురూ ఉండేది, ఎవరైనా వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడగలిగేది, అడిగినదానికి నెలలోపు రాతపూర్వకంగా జవాబిచ్చేది. మినియాపొలిస్‌లో లాగా విడిగా ఎన్నికలు అక్కర్లేదు. పార్కు స్థలం వాడకం మార్చాలంటే ముందు ఆ బోర్డు ముందుకి రావాలి, అంతే చాలు.

నిన్న ఒంటిగంటకి అటు వెళ్ళినప్పుడు చూశాను. కానుగ పూత రాలి బెంచీల మీదంతా పడి ఉంది. పెద్దావిడ ఒక బెంచీ చేత్తో తుడుచుకుని పడుకుంది, చిన్నావిడ కొత్త పిడి తిప్పి గిన్నె కడుగుతోంది. నన్ను చూసి, "ఈ ఆదివారం మీటింగుందా అండీ? రాత్రిపూట గేటు దగ్గర లైటు లేదని చెప్పాలి" అంది.